పదకొండో ప్రశ్న

చాలామంది హైదరాబాదుకు ఉద్యోగం కోసమో, వీసా కోసమో, మనవల్ని చూడటానికో వెళ్తారు. నేను ఒక మాట చెప్పడానికి వెళ్ళాను. చెప్పడానికి రెండు నిమిషాలు చాలిన మాట అది. నాకు పదిహేనేళ్ళు, ఆపైన మూడు రోజులు పట్టింది.

నేను మత్తు డాక్టర్ని. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు పనిచేసి రెండేళ్ళ కిందట మానేశాను. పదిహేనేళ్ళ కిందట అక్కడి ఒక చిన్న నర్సింగ్‌హోంలో, అపెండిక్స్ ఆపరేషన్ బల్ల మీద, భారతి అనే పదిహేడేళ్ళ అమ్మాయి నా చేతుల్లో చనిపోయింది. గుండె ఆగిపోయిందని ఇంటివాళ్ళకు చెప్పాను. ఆగిన మాట నిజమే. ఎందుకు ఆగిందో నాకు నాలుగో రోజుకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ నర్సింగ్‌హోం ఇప్పుడు లేదు. ఉన్నా పేరు రాయను, తప్పు దానిది కాదు.

ఈమధ్య ఒక సోమవారం బట్టల కొట్టులో భారతి మేనమామ కనిపించాడు. మాటల్లో తన మేనల్లుడు శేఖర్ సంగతి చెప్పాడు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళట, శుక్రవారం గచ్చిబౌలిలో ఆపరేషనట. శేఖర్ భారతికి అన్న. భారతి ప్రాణం తీసిన లోపం రక్తంలో వచ్చేది. అన్నకు ఉండే అవకాశం సగానికి సగం. అతనికీ భారతికిచ్చిన రకం మత్తు గ్యాసే ఇస్తారు. ప్రమాదం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను అడగకుండానే మేనమామ శేఖర్ నంబరు, ఆసుపత్రి పేరు, కొండాపూర్‌లో అతను ఉండే అపార్ట్‌మెంటు అడ్రసు ఇచ్చాడు. ఫోన్ చేయలేదు. ఇలాంటిది ముఖాముఖి చెప్పాలి అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, బస్సెక్కితే ఇంకొక రోజు గడువు దొరుకుతుంది.

కర్నూలు దారిలో

మంగళవారం పగటి బస్సు. పక్క సీటులో ఒక పెద్దావిడ, మియాపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్తోంది. కాళ్ళ దగ్గర శనగకాయల సంచి, ఒడిలో ఓళిగల, అంటే బొబ్బట్ల, డబ్బా. మైదుకూరు దాటకముందే నా ఊరు, వయసు, పిల్లలు, పనీ అన్నీ రాబట్టింది. మత్తు డాక్టరంటే ఆవిడకు ఆసక్తి కలిగింది. మా ఊళ్ళో మత్తు డాక్టరు ముఖం ఎవరికీ గుర్తుండదు. పండ్లు, శాలువా సర్జనుకు పోతాయి. మేము ముసుగేసుకుని తలవైపు నిలబడేవాళ్ళం, అంతే.

"మత్తిస్తే మనిషి యాడికి పోతాడు సార్?" అని అడిగింది. "మా ఆయనకు వరిబీజం ఆపరేషన్ చేసినారు. ఏమీ తెలీదంటాడు. నిద్రబోయినోనికి కలన్నా వచ్చాది గదా."

ముప్పై ఏళ్ళలో ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. ఓపిగ్గా చెప్పాను. మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక గోడ ఉంటుంది. గోడలో సన్నని తలుపులుంటాయి. చదువుకున్నవాళ్ళు వాటిని అయాన్ చానెళ్ళంటారు. సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడు, ఇలా విద్యుత్తు మోసే రేణువులు వాటిలోంచే లోపలికీ బయటికీ పోతాయి. ఒక్కోదానికి ఒక్కో తలుపు. మెదడులో కణాలు మాట్లాడుకోవడమంటే ఈ తలుపులు చకచకా తెరుచుకోవడం, మూసుకోవడం. మేమిచ్చే గ్యాస్ ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడుకు పోతుంది. కణాన్ని శాంతపరిచే క్లోరైడు తలుపును మామూలుకంటే ఎక్కువసేపు తెరిచి పెడుతుంది. పొటాషియం బయటికి జారిపోయే తలుపునూ తెరుస్తుంది, దాంతో కణం ఇంకా నెమ్మదిస్తుంది. కణాన్ని రెచ్చగొట్టే తలుపులు కొన్నిటిని అణచిపెడుతుంది. పక్క కణం పిలిచినా ఈ కణం పలకదు. మనిషి ఎక్కడికీ పోడు. లోపల మాటలు ఆగిపోతాయి.

మేము చదువుకునే రోజుల్లో, గ్యాస్ కణం గోడలోని కొవ్వులో కరిగి గోడ మొత్తాన్ని మందగింపజేస్తుందనే చెప్పేవాళ్ళు. తర్వాత తేలిందేమిటంటే, అది తలుపు చట్రంలో ఉన్న చిన్న సందుల్లోకి చేరి కూర్చుంటుంది. పూర్తిగా అర్థమైందని ఇప్పటికీ ఎవరూ అనరు. ఆ ముక్క ఆవిడకు చెప్పలేదు. పూర్తిగా తెలియని పనిని అంత ధైర్యంగా ఎలా చేశారని అడుగుతుందేమోనని భయపడ్డాను.

"మళ్ళా మాట్లాడుకోండని వాటికి చెప్పేదెవరు?" అంది.

గ్యాస్ ఆపితే చాలు, ఊపిరితోనే బయటికి వచ్చేస్తుందన్నాను.

"అందురికీనా?"

దాదాపు అందరికీ అన్నాను. ఆవిడ అప్పటికే డబ్బా మూత తీస్తోంది. ఓళిగ చేతిలో పెట్టింది. మెత్తగా, నెయ్యి వాసనతో బాగుంది. సగం తిని, మిగతాది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. కొండాపూర్ చేరాక చూస్తే చొక్కా జేబంతా నెయ్యి మరక. శేఖర్‌ను కలవడానికని వేసుకున్న మంచి చొక్కా అదొక్కటే.

కొండాపూర్, మూడో అంతస్తు

మియాపూర్‌లో ఎక్కిన ఆటో డ్రైవరు, హోటళ్ళు దండగ, హాస్టల్లో దిగమని సలహా ఇచ్చాడు. అలా అరవై రెండేళ్ళ వయసులో మగపిల్లల పీజీ హాస్టల్లో చేరాను. రోజుకు ఆరువందలు, మూడు పూటలా తిండితో. యజమాని నా ఆధార్ కార్డు రెండుసార్లు చూశాడు, కొడుకు కోసమా అని అడిగాడు. నాకే అన్నాక ఇంకేమీ అడగలేదు.

గదిలో మూడు మంచాలు. ఒకటి ఖాళీ. ఇంకొక దాని మీద రాజమండ్రి నుంచి వచ్చిన ప్రవీణ్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నాకు కిటికీ పక్క మంచం ఇచ్చి తను ఫ్యాన్ కిందికి మారాడు. సాంబారు తియ్యగా ఉంది. మా వైపు ఇంత తీపి సాంబారు పోస్తే వంటవాణ్ణి పిలిచి అడుగుతారు. ఇక్కడ పిల్లలు ఫోను చూసుకుంటూ ఏది పోస్తే అది తింటున్నారు. టీ ఇరవై రూపాయలు, కప్పు మాత్రం మా ఊరి పదిరూపాయల కప్పులో సగం.

బుధవారం పొద్దున ఉప్మా దగ్గర ప్రవీణ్ ప్లేటు పక్కకు నెట్టి లాప్‌టాప్‌లో ఏదో టైపు చేస్తున్నాడు. ముఖం వాడిపోయి ఉంది. ఏమిటని అడిగాను. ఆదివారం అతను చేసిన ఒక మార్పు వల్ల వాళ్ళ కంపెనీ సరుకుల యాప్ నలభై నిమిషాలు ఆగిపోయిందట. దానికి ఆర్‌సీఏ రాయాలట.

"అంటే మూలకారణం కాగితమండి. ఏ నిమిషానికి ఏం జరిగింది, నేనేం చూశాను, ఏమనుకుని ఏం చేశాను, అన్నీ వరసగా రాయాలండి. తప్పు బటన్ నొక్కిన నిమిషం కూడా."

రాసి ఎవరికిస్తావని అడిగాను. అందరికీ వెళ్తుందన్నాడు. ఇదే తప్పు ఇంకొకరు చేయకుండా కొత్తగా చేరినవాళ్ళు కూడా చదువుతారట. మరి ఉద్యోగం పోదా అన్నాను.

"రాసినందుకు పోదండి. దాచి దొరికిపోతే పోద్ది." కొంచెం నవ్వి మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగాడు. "తప్పు రాయడం కష్టం కాదండి. ఆ తప్పును సరిచేద్దామని కంగారులో ఇంకోటి చేస్తాం చూడండి, దాంతో మొదటిది రెండింతలవుద్ది. అది రాయడానికి చెయ్యి రాదండి."

నలభై నిమిషాలు సరుకులు అందనందుకు ఈ కుర్రాడు నిమిషాల లెక్కన కాగితం రాస్తున్నాడు. ఒక పిల్ల పోయినదానికి నేను రాసింది రెండు ముక్కలు: గుండె ఆగింది.

గేటు

పదకొండింటికి శేఖర్ ఉండే అపార్ట్‌మెంట్లకు నడిచే వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి, చొక్కా మీద మల్లేశ్ అని పేరుంది, చేతిలో పలక లాంటి ఫోను పట్టుకుని లేచాడు.

"ఎవరింటికి సార్? ఏమని కొట్టాలె? డెలివరీయా, క్యాబా, పనోళ్ళా, గెస్టా?"

డాక్టర్నన్నాను.

"డాక్టర్ బటన్ లేదు సార్ గిండ్ల. గెస్టని కొడ్త. మీ పేరు సారు ఫోన్లకు పోతది. ఆయన ఓకే అంటె గేటు తీస్త. గంతే."

నా పేరు శేఖర్ ఫోన్లో వెలుగుతుంది. ఆ పేరు అతనికి గుర్తుండే ఉంటుంది. పేరు చెప్పమని మల్లేశ్ వేలు గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ వస్తానన్నాను.

"గింత ఎండల ఏడికి పోతరు సార్? జర నీడకు కూసోండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, ఆ సారు మంచోడే."

మంచివాడనే భయమని అతనికి చెప్పలేదు. రోడ్డు మీదికి వచ్చి ఒక బైక్ టాక్సీ వెనక కూర్చున్నాను. ఎక్కడికి అంటే, పొద్దున ఒక బస్సు బోర్డు మీద చదివిన పేరు చెప్పాను: ప్రగతి నగర్. కుర్రాడిచ్చిన హెల్మెట్ నా తలకు పట్టలేదు. చేత్తో పట్టుకుని కూర్చున్నాను. మియాపూర్ దగ్గర ఒక చెప్పు జారి రోడ్డు మీద పడిపోయింది. ఆపమనలేదు. ఒక కాలికి చెప్పుతోనే చెరువు దగ్గర దిగాను.

చెరువు గట్టు

నడిచేవాళ్ళ కోసం వేసిన బాట, బెంచీలు, గుర్రపుడెక్క పట్టిన నీళ్ళు. అక్కడ మూడు గంటలు కూర్చున్నాను. శుక్రవారం పొద్దుటికి రెండు రోజులు కూడా లేవు, నేను నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. నన్ను నేను తిట్టుకోవడం కూడా అక్కడ కాలక్షేపమే అయింది.

ఆ రోజు ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.

గొంతులో ఊపిరి గొట్టం వేయడానికి ముందు కండరాలు వదులు చేసే సూది ఇస్తాం. దవడ వదులవ్వాలి. భారతి దవడ బిగుసుకుంది. సూది మందు మంచిది కాదేమో అనుకున్నాను. కష్టపడి గొట్టం వేసి గ్యాస్ మొదలుపెట్టాను. పొట్ట చెక్కలా ఉందని సర్జను గొణిగాడు. నాడి పరిగెత్తుతోంది. కండరం బిగిసి, నాడి పెరిగితే మత్తు చాలలేదనే అర్థమని మా వృత్తిలో అలవాటైన లెక్క. గ్యాస్ డయల్ పెంచాను. కాసేపాగి ఇంకా పెంచాను.

మా మిషనుకు సోడాలైమ్ డబ్బా ఒకటుంటుంది. రోగి వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును అందులోని సున్నపు గుళికలు పీల్చుకుంటాయి. పని జరుగుతుంటే డబ్బా గోరువెచ్చగా ఉంటుంది. ఆ రోజు చెయ్యి పెడితే కాలింది, చెయ్యి వెనక్కి లాక్కున్నాను. గుళికలు పాతవై ఉంటాయని డబ్బా మార్పించాను. మార్చినంతసేపూ గ్యాస్ నడుస్తూనే ఉంది. నుదుటి మీద చెయ్యి పెట్టేసరికి పిల్ల ఒళ్ళు పెనంలా ఉంది. ఐసు తెప్పించాను. గంట తిరగకముందే అంతా అయిపోయింది.

నాలుగో రోజు పాత పుస్తకం తెరిస్తే ఒకే ఒక్క పేజీలో అంతా ఉంది. కండరం కణంలో కాల్షియం దాచుకునే సంచి ఉంటుంది. దానికో తలుపు. కదలాలన్నప్పుడు ఆ తలుపు క్షణం తెరుచుకుంటుంది, కాల్షియం బయటికొచ్చి కండరం బిగుస్తుంది, తలుపు మూసుకుంటుంది. కొన్ని కుటుంబాల్లో ఆ తలుపు తయారీలో చిన్న లోపం ఉంటుంది. ఆడినా, పరిగెత్తినా సాధారణంగా బయటపడదు. మత్తు గ్యాస్ తగిలితే మాత్రం తలుపు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. గొట్టం వేసే ముందు నేనిచ్చిన సూది కూడా ఆ లోపాన్ని లేపేదే. కాల్షియం ధారగా పోతుంది, ఒంట్లో కండరాలన్నీ బిగుసుకుంటాయి, దాన్ని మళ్ళీ సంచిలోకి తోడిపోయడానికి శరీరం ఉన్నదంతా మండించుకుంటుంది. వేడి అందుకే, కాలిన డబ్బా అందుకే. మెదడులో శాంతపరిచే గ్యాసే కండరంలో నిప్పు పెడుతుంది. మత్తు చాలలేదని నేను డయల్ తిప్పిన ప్రతిసారీ ఆ తలుపును ఇంకాస్త తెరిచాను.

దాన్ని మూసే మందు ఒకటుంది. అప్పుడు మా జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. ఈ మాటను సాకుగా చాలా ఏళ్ళు వాడుకున్నాను. కానీ డయల్ తిప్పింది మందు లేకపోవడం కాదు, నా చెయ్యి. చార్టులో డయల్ అంకె తగ్గించి రాసింది కూడా అదే చెయ్యి.

ఇంకొకటి. ఆ రోజు థియేటర్లోంచి బయటికొచ్చి ఇంటివాళ్ళను చూడగానే నేను మొదట అన్న మాట ఒక ప్రశ్న: "పొద్దున ఏమైనా తిన్నదా? తాగిందా?" కడుపులో ఏదైనా ఉంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయొచ్చు, అందుకే ముందు ఏమీ పెట్టొద్దంటాం. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ పలకలేదు. ఆ మౌనం చాటున నేను వెళ్ళిపోయాను.

గచ్చిబౌలి

గురువారం తెల్లవారి పీజీ భోజనాల బల్ల మీద, ప్రవీణ్ ఇచ్చిన తెల్ల కాగితాల మీద, రెండు పేజీలు రాశాను. అతని పద్ధతిలోనే: ఏ నిమిషానికి ఏం చూశాను, ఏమనుకున్నాను, ఏం చేశాను. డయల్ అసలు అంకె రాశాను. నిజంగానే చెయ్యి రాలేదు, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాశాను. ప్రవీణ్ నా కాళ్ళు చూసి తన పాత చెప్పులు తెచ్చి పెట్టాడు, ఒక సైజు పెద్దవి.

ఆపరేషన్‌కు ముందు రోజు మత్తు డాక్టరు పరీక్ష ఏ ఆసుపత్రిలోనైనా ఉంటుంది. తొమ్మిదికే వెళ్ళి ఆ గది ముందు కూర్చున్నాను. కొంతసేపటికి శేఖర్ వచ్చాడు. ముప్పై ఆరేళ్ళుంటాయి, జుట్టు పల్చబడింది, కళ్ళు మాత్రం భారతివే. పక్కన అతని భార్య మాధవి. నర్సు ఆమెకు ఫారం ఇచ్చింది. నిన్నటి నుంచి ఈయన గొంతు తడుపుకునుడే గాని నీళ్ళు తాగుతలేడు, ఆపరేషన్ రేపైతే, జర చెప్పండ్రి అని మాధవి నర్సుతో మొరపెట్టుకుంది. శేఖర్ వినిపించుకోలేదు.

మాధవి ప్రశ్నలు చదువుతోంది, అతను జవాబు చెప్తున్నాడు. బీపీ లేదు. షుగర్ లేదు. ఉబ్బసం లేదు. పదకొండో ప్రశ్న: మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు వల్ల ప్రమాదం జరిగిందా?

"లేదు" అన్నాడు శేఖర్. తడుముకోకుండా, నిజాయితీగా.

మాధవి టిక్కు పెట్టింది. ఆ 'లేదు' నేను రాసింది. పదిహేనేళ్ళ కిందట రాసి, ఈ మనిషి నోట్లో పెట్టి పంపాను.

లేచి వెళ్ళి నేనెవరో చెప్పాను. శేఖర్ గబుక్కున నిలబడ్డాడు. "మీరెట్ల వచ్చినారు సార్ ఇంత దూరం? కూర్చోండి, కూర్చోండి" అని తన కుర్చీ జరిపాడు. ఆ మర్యాదకు నా నోరు మళ్ళీ పక్కదారి పట్టింది. ఆ జవాబు మార్చాలన్నాను, భారతికి జరిగింది గ్యాస్ వల్ల అయి ఉండొచ్చన్నాను, ఇలాంటి సంగతులు ఈమధ్య కొత్తగా తెలుస్తున్నాయన్నాను.

"కొత్తగా తెలిసిందా సార్?" అన్నాడు. అనుమానంతో కాదు, అర్థం చేసుకోవడానికి.

జేబులో కాగితాలు తీశాను.

"కాదు శేఖర్. నాలుగో రోజుకే తెలుసు. దాచాను."

అతను కాగితాలు తీసుకోలేదు. మాధవి తీసుకుంది. మొదటి పేజీ సగం చదివి ఆగిపోయింది.

"పోయినేడు మా పాపకు ముక్కుల అడినాయిడ్ తీసిండ్రు," అంది నా వైపు చూడకుండా. "గిదే ప్రశ్న అడిగిండ్రు. నేనే లేదని రాసిన. నా చేత్తోటి."

పాపకు ఏమీ కాలేదు కదమ్మా అనబోయి ఆగాను. ఒకసారి ఏమీ కాకపోవడం ఎప్పటికీ కాదనడానికి హామీ కాదని నాకు తెలుసు. అది కూడా చెప్పాల్సిందే, చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది.

లోపలి డాక్టరు నవ్య, ముప్పై ఏళ్ళలోపు అమ్మాయి. నా కాగితాలు రెండుసార్లు చదివింది. చార్టులో డయల్ ఎంతని రాశారని మాత్రం అడిగింది. ఒకటిన్నర అన్నాను. అసలెంత? మూడు. తలూపి రాసుకుంది. తిట్టి ఉంటే తేలికయ్యేది. తర్వాత శేఖర్ వైపు తిరిగి చేయబోయేది చెప్పింది. ఈ రకం గ్యాస్ ఏదీ వాడరు, నరంలోకి ఇచ్చే మందులతోనే మత్తు. మిషను మీద గ్యాస్ సీసాలు తీసేస్తారు, సోడాలైమ్, గొట్టాలు కొత్తవి వేస్తారు, పాత గ్యాస్ వాసన కూడా లేకుండా మిషన్ను గంటల తరబడి ఆక్సిజన్‌తో కడుగుతారు. తలుపు మూసే మందు ఇంకొక ఆసుపత్రి నుంచి తెప్పించి పక్కన పెట్టుకుంటారు. అందుకే శుక్రవారం వద్దు, శనివారం మొదటి కేసు. తర్వాత శేఖర్, పాప, దగ్గరి బంధువులు పరీక్షల కోసం ఎవరిని కలవాలో కూడా రాసిచ్చింది.

"ఈ కాగితం అప్పుడే ఉంటే సార్..." అని నాతో మొదలుపెట్టి, వాక్యం వదిలేసి ఫారం దగ్గరికి లాక్కుంది. పదకొండో ప్రశ్న దగ్గర 'లేదు' కొట్టేసి, 'అవును, చెల్లెలు' అని రాసింది.

శేఖర్ కాగితాలు మడిచి చొక్కా లోపల పెట్టుకుని బయటికి నడిచాడు. నా వైపు చూడలేదు.

మళ్ళీ గేటు

శుక్రవారం మధ్యాహ్నం, కాగితం కింద రాసిన నా నంబరుకు శేఖర్ ఫోన్ చేశాడు. రమ్మన్నాడు, అంతే. మల్లేశ్ నన్ను గుర్తుపట్టాడు. "గెస్టనే కొడ్తున్న సార్" అన్నాడు. ఫోను మోగింది, గేటు లేచింది. రెండు రోజుల కిందట నేను భయపడి పారిపోయిన పని నాలుగు సెకన్లలో అయిపోయింది.

పిల్లలాడే చోటు పక్కన సిమెంటు బెంచీ మీద శేఖర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నా కాగితాలు తొడ మీద పరిచి ఉన్నాయి.

"నాలుగు తూర్లు చదివినా సార్. దీంట్లో టీ సంగతి లేదే?"

ఏ టీ అన్నాను.

అతను చుట్టూ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఆ పొద్దున ఆసుపత్రి వరండాలో అతను టీ తాగుతుంటే భారతి అడిగిందట. "నోరు ఎండిపోతాంది అన్నా, రెండు గుక్కలియ్యి అనింది. ఏమీ తాపొద్దని నర్సు చెప్పింటే కూడా, నా గ్లాసులోదే తాపిచ్చినా. మీరు బయటికొచ్చి ఏమన్నా తాగిందా అని అడిగితిరి. అందురూ ఉండారు. నేను నోరు తెరవలే. ఇంతవరకూ తెరవలే. మాధవికి గూడా తెలీదు. ఆ పొద్దున్నుంచి నేను టీ ముట్టలే సార్."

నీళ్ళెందుకు తాగడం లేదో అప్పుడు అర్థమైంది. నేను ఈ ప్రయాణంలో మోసుకొచ్చింది ఒక సంగతే అనుకున్నాను. రెండోది ఇతను మోస్తున్నాడు, అదీ నేను నెత్తిన పెట్టిందే.

"ఆ టీకి, ఆమె పోవడానికి సంబంధం లేదు శేఖర్," అన్నాను. "ఆమె ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోలేదు. పోలేదని ఆ ప్రశ్న అడిగేటప్పుడే నాకు తెలుసు. తెలుసుకోవాలని అడగలేదు. బరువు మీ వైపు పడాలని అడిగాను."

పిల్లల ఉయ్యాల గొలుసు కిర్రుమంటోంది. అతను కాగితాల అంచు వేలితో చదును చేస్తున్నాడు.

"భారతికి నొప్పి తెలిసిందా?"

"లేదు. మెదడులో ఆ గ్యాస్ చేయాల్సిన పని చేసింది. ఒంట్లో జరిగింది ఆ పిల్లకు తెలియదు. ఈ ఒక్కటి నువ్వు నమ్మొచ్చు."

తల దించుకుని ఏడ్చాడు. నేను చెయ్యి వేయలేదు. ఆ హక్కు నాకు లేదు. కొంతసేపటికి ముఖం తుడుచుకుని నా వైపు చూశాడు. అంతవరకూ నోరారా సార్ అన్న మనిషి గొంతు మారింది.

"మా మామకు, చిన్నాయన పిల్లోళ్ళకు, అందురికీ నువ్వే చెప్పాల. ఫోన్లో గాదు. ఈ కాగితం పట్టుకోని ఇంటింటికీ పోయి చెప్పాల. టీ సంగతి గూడా చెప్పు, నా పేరుతోనే. పోతావా?"

పోతానన్నాను. క్షమించమని నేను అడగలేదు, క్షమించానని అతను అనలేదు.

శనివారం

ఆపరేషన్ బాగా జరిగింది. పదింటికి డాక్టర్ నవ్య బయటికి వచ్చి మాధవితో మాట్లాడింది. వెళ్ళిపోతూ నా దగ్గర ఆగింది. నేను అడక్కుండానే, సోడాలైమ్ డబ్బా మీద మధ్యమధ్య చెయ్యి పెట్టి చూశానంది. "గోరువెచ్చగా ఉంది సార్. ఎప్పట్లాగే."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. వచ్చాక ఇప్పటికి తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాను. రెండిళ్ళలో గుమ్మం దగ్గరే నిలబెట్టి విన్నారు. ఒక ఇంట్లో వినలేదు, మళ్ళీ వెళ్ళాలి. ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా ఎవరైనా ఆపరేషన్ బల్ల మీద పోయి, గుండె ఆగిందని మాత్రమే చెప్పి ఉంటే, ఎందుకు ఆగిందని అడగండి. మీ తర్వాతివాళ్ళు ఆ ఫారం నింపేటప్పుడు నిజమైన జవాబు మీ దగ్గర ఉండాలి.

శనివారం పొద్దున గురించి ఒకటి మిగిలింది. ఆరు కాకముందే ఆసుపత్రికి వెళ్ళాను. శేఖర్ ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు వరకూ, అంటే ఆరింటి వరకూ, ఇతను కొంచెం మంచినీళ్ళు తాగొచ్చని డాక్టరు రాసిపెట్టింది. నర్సు చెప్పింది, మాధవి బతిమాలింది. అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. గోడ గడియారం ఆరుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి రమ్మంటారో లేదో తెలియక.

శేఖర్ నన్ను చూశాడు.

"తాగొచ్చునా?" అన్నాడు. నర్సును కాదు, నన్ను అడిగాడు.

తాగమన్నాను.

మాధవి సీసా మూత తీసి ఇచ్చింది. రెండు గుక్కలు తాగాడు. సీసా కిందికి దించి కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత మూత బిగించి, చెయ్యి చాపి, నాకు అందించాడు.